ఫాదర్ డేమియన్

పసిఫిక్ మహాసముద్ర మధ్యమున హవాయి ద్వీపములు కలవు. నేడు అవి అమెరికా సంయుక్త రాష్ట్రములలో చేరియున్నవి గాని, పందొమ్మిదవ శతాబ్దమున అది రాజుల పాలనలోనున్న స్వతంత్ర దేశము. ఆ దీవులలో మొలకాయి అనునది యొకటి. దాని ఉత్తరపు ఒడ్డున నాలుకవలె సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన చిన్న భూభాగ మొకటి యున్నది. మూడు వైపుల అలలు ఘోషించుచుండును. నాల్గవ వైపున రెండువేల అడుగుల ఎత్తుకు నిట్టనిలువుగా లేచిన కొండగోడ. ఆ కొండమీద నొక సన్నని కాలిబాట తప్ప మరియొక మార్గము లేదు. ప్రకృతియే కట్టిన చెరసాల యనదగిన ఆ చోటికి కలౌపాప అని పేరు. దాని తూర్పు అంచున కలవావో అను పల్లె యుండెను.

1778వ సంవత్సరమున ఐరోపావారి ఓడలు తొలిసారిగా హవాయికి వచ్చినవి. వానివెంట వర్తకము వచ్చెను. వర్తకమువెంట క్రొత్త రోగములును వచ్చెను. మశూచి, పొంగు మొదలైన జబ్బులను ఎన్నడు నెరుగని ఆ ద్వీపవాసులు వేలకొలది మరణించిరి. అటుపిమ్మట కుష్ఠువ్యాధి వ్యాపింపసాగెను. దానికి మందు తెలియదు. ప్రభుత్వము భయపడి 1865లో ఒక చట్టము చేసెను. ఆ చట్టము ప్రకారము వ్యాధి సోకినవారిని కుటుంబములనుండి వేరుచేసి కలవావోకు పంపవలెను. 1866 జనవరిలో పండ్రెండుగురు రోగులతో మొదటి ఓడ వచ్చెను. పోయినవారు మరల తిరిగివచ్చుట లేదు. హవాయి ప్రజలు తమవారిని అంత సులభముగా విడువలేదు. కొందరు రోగులను అడవులలో దాచిరి. మరికొందరు, తమకు రోగము లేకున్నను, భర్తవెంట భార్యయు, బిడ్డవెంట తల్లియు ఆ దీవికి వెళ్లి వారికి సేవచేయుచు అక్కడనే యుండిపోయిరి. ఇట్టివారిని ఆ భాషలో కోకువా అందురు. సహాయము అని ఆ మాటకు అర్థము.

ఈ కోకువాల వరుసలో చేరదగిన మనుష్యుడొకడు వేలకొలది మైళ్లకు ఆవల బెల్జియం దేశమున పెరుగుచుండెను.

బెల్జియంలో ట్రెమెలో అను పల్లె కలదు. అచ్చట 1840వ సంవత్సరము జనవరి 3వ తేదీన జోసెఫ్ డి వూస్టర్ జన్మించెను. తండ్రి ధాన్యపు వర్తకుడు. ఆ దంపతుల సంతానములో జోసెఫ్ ఏడవవాడు. బలిష్ఠమైన శరీరము, చురుకైన చేతులు గల పిల్లవాడు. వడ్రంగము, తాపీపని, వ్యవసాయము చూచి చూచి నేర్చుకొనెను. ఇతనిని వర్తకమున ప్రవేశపెట్టవలెనని తండ్రి తలంచి, ఫ్రెంచి భాష నేర్చుకొనుటకై వేరొక పట్టణమునకు పంపెను. కాని జోసెఫు మనస్సు వ్యాపారముమీద నిలువలేదు. అతని అన్న అప్పటికే లూవెన్ నగరమున ఒక మఠములో చేరి పాంఫిల్ అను పేరు పొందియుండెను. 1859 ఆరంభమున తమ్ముడును అదే మఠము తలుపు తట్టెను.

అచ్చటి పెద్దలకు ఇతనియందు మొదట గొప్ప ఆశ కలుగలేదు. క్రైస్తవ గురువు కావలెనన్న లాటిన్ భాష రావలెను. ఇతనికి ఆ భాష రాదు. కావున గురుపదవికి గాక మఠములోని పనిపాటలకు తగినవాడని ఇతనిని చేర్చుకొనిరి. అన్నయొద్ద తీరిక వేళలలో లాటిన్ వాక్యములు ఒక్కొక్కటిగా వల్లెవేసి జోసెఫ్ తన అర్హతను నిరూపించుకొనెను. మఠమున అతనికి డేమియన్ అని పేరు పెట్టిరి. 1860లో పారిసు నగరమున అతడు శాశ్వత దీక్ష వహించెను. ఆ దీక్షా సమయమున సన్యసించువాని శరీరముపై శవమునకు కప్పు నల్లని వస్త్రమును కప్పుదురు. లోకమునకు సంబంధించినంతవరకు అతడు మరణించెనని దాని భావము. ఆ నల్లని వస్త్రమును డేమియన్ తన జీవితమున ఎన్నడును మరువలేదు.

1863లో ఆ మఠమువారు కొందరు గురువులను హవాయికి పంప నిశ్చయించిరి. వారిలో పాంఫిల్ ఒకడు. ప్రయాణమునకు సర్వము సిద్ధమైన తరుణమున నగరములో టైఫస్ జ్వరము వ్యాపించెను. రోగులను పరామర్శింపబోయిన పాంఫిల్ తానే మంచమెక్కెను. అప్పుడు డేమియన్ తన పై అధికారులను అడుగక నేరుగా పారిసులోని సర్వాధికారికి లేఖ వ్రాసి, అన్నకు బదులుగా తన్ను పంపవలసినదని వేడుకొనెను. అతనికింకను గురుపట్టము కూడ కాలేదు. ఆశ్చర్యముగా అనుమతి వచ్చెను. తల్లిదండ్రులయొద్ద సెలవు తీసుకొని అతడు ఓడ యెక్కెను. ఆ తల్లిని మరల చూచు భాగ్యము అతనికి కలుగలేదు.

నాలుగున్నర మాసములు సముద్రముమీద గడిపి 1864 మార్చి 19వ తేదీన డేమియన్ హొనొలూలు రేవులో దిగెను. ఆ మే మాసములోనే గురుపట్టము పొందెను. తరువాత తొమ్మిది సంవత్సరములు హవాయి అను పెద్దదీవిలో, అగ్నిపర్వతముల నడుమ, గుర్రముపైనను కాలినడకను తిరుగుచు పనిచేసెను. ఆ ప్రజల భాష నేర్చెను. దూలములు తానే మోసి చిన్న చిన్న దేవాలయములు కట్టెను. తన పల్లెలలోని రోగులను అధికారులు పట్టుకొని ఓడలలో నెక్కించుట ఆయన కన్నులార చూచెను.

1873 మే 4వ తేదీన మావీ దీవిలో ఒక క్రొత్త దేవాలయము ప్రతిష్ఠింపబడెను. ఆ ఉత్సవమునకు వచ్చిన గురువులతో బిషప్ మైగ్రే మొలకాయి రోగుల సంగతి ప్రస్తావించెను. వారికొక గురువు కావలెను. కాని ఎవరినిగాని పొమ్మని ఆజ్ఞాపించుటకు ఆ వృద్ధునికి మనస్సు రాలేదు. నలుగురు యువకులు ముందునకు వచ్చిరి. ఒకరి తరువాత నొకరుగా కొన్ని వారములు ఉండి వచ్చుట అని ఏర్పాటు. మొదటి వంతు డేమియనుది. మే 10వ తేదీన పశువులను, రోగులను కలిపి తీసుకొనిపోవు ఓడలో బిషపుతో కూడ ఆయన కలౌపాపకు చేరెను. వెంట చెప్పుకోదగిన సామాను ఏమియు లేదు. రెండవ గురువు వంతు రానేలేదు. కొన్ని దినములకే డేమియన్ తన్ను అచ్చటనే ఉండనిమ్మని అధికారులకు వ్రాసెను. అప్పుడాయన వయస్సు ముప్పదిమూడు సంవత్సరములు.

కలవావోలో ఆ నాడు 600కు పైగా రోగులుండిరి. నేల సారవంతమైనది, రోగులే పండించుకొని తినవచ్చునని ప్రభుత్వము మొదట ఊహించెను. వ్రేళ్లు పోయినవాడు గునపము పట్టుట ఎట్లో ఆ ఊహ చేసినవారు ఆలోచింపలేదు. గడ్డితో కప్పిన తేమగుడిసెలలో స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి పడియుండిరి. ఆసుపత్రి యని పేరుగల ఇల్లు చావుకొరకు ఎదురుచూచు చోటు. నీటిని దూరమునుండి మోసి తేవలెను. నీరు చాలనందున పుండ్లు కడుగువారు లేరు, కడుగనందున దుర్గంధము. కొందరు ఒక మొక్క వేరునుండి సారాయి కాచి త్రాగి తమ దుఃఖమును మరచుచుండిరి. చనిపోయినవారిని లోతులేని గోతులలో పూడ్చగా పందులును కుక్కలును త్రవ్వుచుండెను.

డేమియను రాకకు పూర్వము ఆ చోట మంచియే లేదని చెప్పు కథలు కొన్ని కలవు. అది న్యాయము కాదు. రోగులలోనే ముప్పదియైదుగురు ప్రొటెస్టెంటు క్రైస్తవులు 1866లో తమకొక సంఘమును ఏర్పరచుకొని, దానికి సిలోవామా అని పేరు పెట్టుకొనిరి. కోకువాల సంగతి పైన చెప్పబడినది. ప్రేమించు హృదయములు అక్కడ ఉండెను. లేనివి పలక, మేకు, నీటిగొట్టము, వానిని పట్టి పనిచేయగల ఆరోగ్యవంతమైన చేతులు.

ఆ చేతులతో ఏమి చేయవచ్చును, ఏమి చేయరాదు అన్నదే డేమియనుకు ఎదురైన మొదటి ప్రశ్న. రోగులను ముట్టరాదు, వారితో భుజింపరాదు అని పై అధికారులు ఆయనకు బుద్ధిచెప్పి పంపిరి. అది ఆయన క్షేమము కోరి చెప్పిన మాటయే. కాని హవాయివారి ఆచారము వేరు. చామదుంపలను ఉడికించి దంచి చేసిన ముద్దను వారు పోయి అందురు. ఇంటికి వచ్చినవాడు అందరితో కూర్చుండి ఒకే పాత్రలో వ్రేళ్లు ముంచి దానిని తినవలెను. తినకున్న ఆ ఇంటిని తిరస్కరించినట్లే. దేవుడు మిమ్మును ప్రేమించుచున్నాడని బోధించుటకు వచ్చినవాడు వారి పాత్రను చూచి చేయి వెనుకకు తీసికొన్నచో ఆ బోధను ఎవరు నమ్ముదురు? దేవుని ప్రేమించుట, పొరుగువానిని తనవలె ప్రేమించుట అను రెండును క్రైస్తవ ధర్మమునకు మూలములు. ఈ రెండవ దానికి కలవావోలో అర్థము ఆ పాత్రయొద్దనే తేలవలసియుండెను.

డేమియనుకు అది సులభము కాలేదు. గుడిసెలలో రోగులను చూడబోయినపుడు దుర్గంధమునకు తాళలేక పలుమారు బయటికి పరుగెత్తవలసివచ్చెనని ఆయనయే తరువాత ప్రభుత్వమునకు వ్రాసిన నివేదికలో ఒప్పుకొనెను. ఆ వాసనకు విరుగుడుగా పొగాకు త్రాగుట అలవాటు చేసికొనెను. తరువాత ఆ గొట్టమును అడిగినవారికి ఇచ్చి, వారు త్రాగిన పిమ్మట మరల తాను త్రాగుచుండెను. వారి పాత్రలో తినెను. పుండ్లను కడిగి కట్లు కట్టెను. మరణించువారిని తన చేతులలోనికి ఎత్తుకొనెను. ఇట్లు చేయునపుడు తనకు ప్రమాదమున్నదని ఆయనకు తెలియకపోలేదు.

తొలిదినములలో ఆయనకు ఇల్లు లేదు. చిన్న దేవాలయము ప్రక్కనున్న మొగలిజాతి చెట్టు క్రింద పరుండుచు, అక్కడి బండమీదనే భోజనము చేయుచుండెను. తనకు ఇల్లు కట్టుకొనుటకు ముందు చేయవలసిన పనులు చాలయుండెను. ప్రభుత్వమునకు వ్రాసి వ్రాసి నీటిగొట్టములు తెప్పించి, నడువగలిగిన రోగులతో కూడ వానిని మోసి, ఊరికి నీరు తెచ్చెను. 1874లో పెనుగాలి వీచి గుడిసెలను పడగొట్టెను. అధికారులు పంపిన కలపతో నేలకు ఎత్తుగా, గాలి వెలుతురు వచ్చునట్లు సున్నము పూసిన చిన్న ఇండ్లు లేచినవి. ఆయన సుత్తి కొట్టుచుండగా అనాథ బాలురు మేకులు అందించుచుండిరి. శ్మశానమునకు కంచె కట్టెను. శవపేటికలను తానే కోసి, తానే బిగించి, గోతులు లోతుగా తానే త్రవ్వెను. వందలకొలది పేటికలు ఆ చేతులనుండి వెలువడినవి. పేటికలో పరుండబెట్టి ప్రార్థనతో సాగనంపుట ఆ రోగులకు చిన్న సంగతి కాదు. పందులు త్రవ్వు గోతిని చూచినవానికి ఆ కంచె యొక్క విలువ తెలియును.

దేవాలయమునకు వచ్చువారిలో చాలమందికి గొంతులో వ్యాధి ముదిరి మాటిమాటికి ఉమ్మివేయవలసివచ్చుచుండెను. సిగ్గుపడి వారు బయటనే నిలుచుచుండిరి. డేమియన్ గుడిలోని చెక్కనేలకు అక్కడక్కడ రంధ్రములు చేసెను. ఆకులను గొట్టమువలె చుట్టి ఆ రంధ్రముల మీద పెట్టుకొని వారు లోపల కూర్చుండి ప్రార్థన చేసికొనగలిగిరి. దేవాలయపు నేలకు రంధ్రములు పొడుచుట గూర్చి ఏ గ్రంథమునను విధి లేదు. ఆ రంధ్రములను నేటికిని అచ్చట చూడవచ్చును.

తల్లిదండ్రులను విడిచి ఓడ దిగిన పిల్లల కొరకు ఆయన రెండు అనాథశరణాలయములు ఏర్పరచెను. బాలురకొకటి, బాలికలకొకటి. వారికి వంట, కుట్టుపని, వ్యవసాయము నేర్పించెను. గాయకబృందమును, వాద్యబృందమును సమకూర్చెను. వ్రేళ్లు తగ్గిన చేతులతో వేణువులు వాయించిరి. ఒకరు మరణించిన ఆ వాద్యము మరియొకరి చేతికి పోవుచుండెను గాని సంగీతము నిలిచిపోలేదు. వీరిలో క్యాథలికులు, ఇతర శాఖలవారు అను భేదమును ఆయన కట్లు కట్టునపుడు గాని, ఇండ్లు కట్టునపుడు గాని పాటింపలేదు.

ఇన్ని పనుల నడుమ ప్రతిదినము తెల్లవారకమునుపే లేచి దీర్ఘముగా ప్రార్థన చేయుచుండెను. ఆ బలము లేకున్న తాను అచ్చట నిలువజాలనని అన్నకు వ్రాసిన లేఖలలో స్పష్టముగా తెలిపెను. ఆయనకు గల గొప్ప బాధ ఒంటరితనము. గురువైనవాడు తన పాపములను మరియొక గురువు ఎదుట చెప్పుకొనవలెను. కలవావోలో మరియొక గురువు లేడు. ఒకమారు ఆయన మఠాధికారి ప్రయాణించు ఓడ అటు వచ్చెను. దీవినుండి ఎవరును ఓడ ఎక్కరాదని నావికాధిపతి అడ్డగించెను. డేమియన్ చిన్నపడవలో ఓడ ప్రక్కకు పోయి నిలుచుండి, పైన అంచున వంగియున్న అధికారికి ఫ్రెంచి భాషలో తన తప్పులన్నియు కేకవేసి చెప్పుకొని క్షమాపణ పొంది మరలివచ్చెను.

ఆయనకు తప్పులు లేకపోలేదు. కోపము త్వరగా వచ్చును. పట్టినపట్టు విడువడు. సారాయి కాచు స్థలములకు చేతికర్రతో పోయి కుండలు పగులగొట్టుచుండెను. కలప ఆలస్యమైనను, మందులు చాలకున్నను ఆరోగ్యశాఖవారికి ఘాటైన లేఖలు వ్రాయుచుండెను. వారికాయనపేరు చెప్పిన విసుగు. సహాయముగా వచ్చిన ఇద్దరు గురువులతోను ఆయనకు పొసగలేదు. తనవలె అందరును పనిచేయగలరని ఆయన అనుకొనెడివాడు. అట్టివానితో కలిసి పనిచేయుట కష్టమే. 1881లో రాజప్రతినిధిగానున్న రాకుమారి లిలివోకలాని ఆ దీవికి వచ్చి, రోగులను చూచి మాటరాక కన్నీరు కార్చెను. హొనొలూలుకు పోయి డేమియనుకు గౌరవపతకమును పంపెను. ఆయన దానిని ధరించి తిరుగలేదు.

1884 డిసెంబరులో ఒకనాడు పొరపాటున కాగుచున్న నీటిలో పాదము పెట్టెను. చర్మము బొబ్బలెక్కెను, నొప్పి మాత్రము తెలియలేదు. పండ్రెండు సంవత్సరములుగా ఇతరులలో చూచిన లక్షణమును తనలో గుర్తించుటకు ఆయనకు వైద్యుడు అక్కరలేదు. అయినను వైద్యుడు పరీక్షించి 1885లో ఆ మాటయే చెప్పెను. దీవికి వచ్చిన క్రొత్తలోనే డేమియన్ తన లేఖలలో రోగులను మీరు, వారు అనక, మనము అని తన్ను వారిలో చేర్చుకొని వ్రాయుచుండెను. ఇప్పుడు ఆ మాట అక్షరాల సత్యమాయెను.

ఆయన ముట్టుకొనుట తప్పా యని అడుగువారు ఆనాడును ఉండిరి. కుష్ఠువ్యాధిని కలిగించు సూక్ష్మజీవిని నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ కనుగొనుట, డేమియన్ కలవావోలో కాలుపెట్టుట ఒకే సంవత్సరమున, 1873లో, జరిగినవి. ఆ వ్యాధి దీర్ఘకాలపు సన్నిహిత సహవాసమున గాని అంటదు; మనుష్యులలో నూటికి తొంబదియైదుగురికి దానిని ఎదుర్కొను శక్తి సహజముగనే కలదు. ఈ సంగతులు తరువాతి కాలమున తెలిసినవి. డేమియను మిగిలిన ఆ అయిదుగురిలో నొకడు. చేతులు కడుగుకొనుట మొదలైన జాగ్రత్తలు ఇంకను పాటించియుండవచ్చునని చెప్పువారి మాట కొట్టివేయదగినది కాదు. 1888లో ఆ దీవికి వచ్చిన మదర్ మేరియాన్ కోప్ అను సన్యాసిని అట్టి జాగ్రత్తలతో ముప్పది సంవత్సరములు సేవచేసెను. ఆమెకుగాని, ఆమె వెంటవచ్చిన సోదరీమణులకుగాని ఆ వ్యాధి సోకలేదు. కాని ఆమె వచ్చునాటికి అచ్చట నీరున్నది, ఇండ్లున్నవి, పిల్లలకు ఆశ్రయమున్నది.

1886 జూలైలో డేమియన్ పై అధికారుల మాటను కాదని హొనొలూలుకు పోయెను. అచ్చట జపానుదేశపు వైద్యుడొకడు వేడినీటి స్నానములతో చికిత్స చేయుచుండెను. కొన్నాళ్లు ఆ చికిత్స పొంది, అది తనవారికి ఉపయోగపడునని తోచి, దాని పద్ధతి తెలిసికొని తిరిగివచ్చెను. తన అనాథబాలికల భారమును వహింపుడని మదర్ మేరియానును వేడుకొన్నది అప్పుడే. అదే సంవత్సరమున ట్రెమెలోలో ఆయన తల్లి మరణించెను. కుమారుని రోగము సంగతి, ఆయన దాచిపెట్టగోరినను, పత్రికల ద్వారా ఆమెకు తెలియనే తెలిసెను.

ఆ పత్రికల వలననే దూరదేశములనుండి సహాయమును వచ్చినది. ఇంగ్లండులోని హ్యూ చాప్‌మన్ అను ఆంగ్లికన్ మతాచార్యుడు, తన శాఖ వేరైనను, చందాలు వసూలుచేసి వేయి పౌనులకు దగ్గరగా పంపెను. ఎడ్వర్డ్ క్లిఫర్డ్ అను ఆంగ్ల చిత్రకారుడు మన అండమాను దీవులలో దొరకు గుర్జన్ నూనెను తీసికొని 1888లో కలవావోకు వచ్చి, ఆయన చిత్రమును గీసెను. వచ్చినవారిలో విశేషముగా చెప్పదగినవాడు జోసెఫ్ డట్టన్. ఇతడు అమెరికా అంతర్యుద్ధములో పనిచేసిన సైనికుడు. గడచిన జీవితమునకు ప్రాయశ్చిత్తముగా సేవచేయవలెనని జీతము కోరక 1886 జూలైలో వచ్చి, డేమియనుకు కుడిచేయియై నిలిచెను. డేమియన్ గతించిన పిమ్మటను నలువదియేండ్లకు పైగా అచ్చటనే పనిచేసి 1931లో మరణించెను.

వ్యాధి ముఖమును, చేతులను వికృతముచేసినను డేమియన్ సుత్తి విడువలేదు. 1888లో గాలికి పడిపోయిన దేవాలయ గోపురమును రాతితో మరల కట్టించు పనిలో తానే నిచ్చెన లెక్కుచుండెను. 1889 మార్చి చివరన మంచము పట్టెను. అంతవరకు ఆయనకు మంచమనునది లేదనియే చెప్పవలెను; గడ్డిపరుపు వేసికొని నేలమీద పరుండుట అలవాటు. అనాథలకు దిక్కు ఏర్పడినది, తన పనికి వారసులు వచ్చిరి, కావున తానింక అక్కరలేదని ప్రక్కనున్నవారితో చెప్పి సంతోషించెను. ఏప్రిల్ 15వ తేదీ ఉదయమున ప్రాణము విడిచెను. వయస్సు నలువదితొమ్మిది సంవత్సరములు. ఆయన కోరిన ప్రకారము, తొలిదినములలో పరుండిన మొగలిచెట్టు క్రిందనే రోగులు ఆయనను సమాధి చేసిరి.

మరణానంతరము హొనొలూలులోని ప్రొటెస్టెంటు మతాచార్యుడొకడు డేమియను మొరటువాడనియు, అపరిశుభ్రుడనియు నిందించుచు వ్రాసిన లేఖ పత్రికలలో ప్రకటితమయ్యెను. డేమియను మరణించిన మరుసటి నెలలోనే కలౌపాపకు పోయి ఎనిమిది దినములు గడపిన ప్రసిద్ధ రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ దానిని చదివెను. ఇతడును ప్రొటెస్టెంటే. డేమియనుతో కలహించినవారిని సయితము విచారించి, ఆయన లోపములను ఇతడు శ్రద్ధగా తెలిసికొనియుండెను. 1890 ఫిబ్రవరిలో ఇతడు బహిరంగలేఖ వ్రాసి, ఆ లోపములను దాచకయే, హాయిగా ఇంటిలో కూర్చుండినవారికి ఆ మనుష్యుని తీర్పుతీర్చు అర్హత లేదని తీవ్రముగా జవాబు చెప్పెను. ఆ లేఖ వలన డేమియను పేరు లోకమంతట వ్యాపించెను.

ఇంగ్లండులో వేల్సు యువరాజు అధ్యక్షతన డేమియన్ స్మారకనిధి యొకటి ఏర్పడెను. ఆ నిధివారు పంపిన వైద్యసంఘము 1890, 1891 సంవత్సరములలో మన దేశమున సంచరించి కుష్ఠువ్యాధిని పరిశీలించెను. జనులు భయపడునంత తీవ్రముగా అది అంటుకొనదని ఆ సంఘము అభిప్రాయపడెను. నిజమైన మందు దొరకుటకు మరి యర్ధశతాబ్దము పట్టినది. 1940 తరువాత వచ్చిన సల్ఫోను మందులు 1946లో కలౌపాపకు చేరినవి. 1969లో హవాయి ప్రభుత్వము రోగులను వేరుచేయు చట్టమును రద్దుచేసెను. అంతవరకు సుమారు 8000 మంది ఆ దీవికి పంపబడిరి. నేడు ఈ వ్యాధి మందులతో పూర్తిగా నయమగును.

1936లో బెల్జియం రాజు కోరికపై డేమియను భౌతికావశేషములను సమాధినుండి తీసి స్వదేశమునకు కొనిపోయి లూవెన్ నగరమున ఉంచిరి. అక్కడివారు ఘనముగా ఉత్సవము చేసిరి గాని, కలౌపాపలో మిగిలిన రోగులు తమ గురువును తమయొద్దనుండి తీసికొనిపోయినందులకు దుఃఖించిరి. మొగలిచెట్టు ప్రక్కనున్న సమాధి వట్టిదయ్యెను. క్యాథలిక్ సంఘము 2009లో ఆయనను పునీతునిగా ప్రకటించెను. అంతకు పదునాలుగు సంవత్సరములు ముందు, 1995లో, హవాయివారి కోరిక మన్నించి లూవెన్ వారు ఆయన కుడిచేతిని తిరిగి పంపిరి. పేటికలు చేసిన ఆ చేతిని, ఒకే పాత్రలో ముంచి తిన్న ఆ చేతిని చిన్న పెట్టెలో ఉంచి, కలౌపాపలోని వృద్ధరోగులు కలవావోకు తీసికొనిపోయి పాత సమాధిలో పూడ్చిరి.